మొదటి వారపు రాతలు

ప్రతి ఏటా సంక్రాంతి వెళ్ళిన కొద్దిరోజులకు నాకు ఒకే రకపు ఉత్తరం రెండు మూడు చోట్ల నుంచి వస్తుంది. రాసేవారు వేరు, ఊళ్ళు వేరు. ఉత్తరం మాత్రం ఒకటే. ఉద్యోగానికి సెలవు పెట్టో, చదువు ముగించి ఉద్యోగంలో చేరబోయే ముందో, కర్నూలు జిల్లా పడమటి మండలాలకో కడప జిల్లా మెట్ట ఊళ్ళకో సేవ చేయడానికి వెళ్ళిన యువకుడు తన మొదటి వారపు అనుభవాలను రాసి, అభిప్రాయం చెప్పమని పంపుతాడు. ఎర్రనేల, ఎండిన చెరువు, రచ్చకట్ట మీద పొద్దస్తమానం కూర్చున్న మగవాళ్ళు, కుళాయి దగ్గర బిందెల వరుస, చీమిడిముక్కు పిల్లలు, చిట్టచివర "ఏమీ లేకపోయినా చెరగని ఆ చిరునవ్వు". ఈ వరుస తప్పిన ఉత్తరాన్ని నేనింతవరకూ చూడలేదు. దసరాకు వెళ్ళినవాడైతే దేవరగట్టు కర్రల సమరం, తొలకరికి వెళ్ళినవాడైతే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల వేట అదనంగా చేరతాయి. ఫ్యాక్షన్ అనే మాట మాత్రం ఏ ఋతువులో వెళ్ళినా తప్పదు.

ఈ రాతలు రాయకూడదని నా వాదం. బాగా రాయలేదని కాదు, వాటిలో కొన్ని నాకంటే బాగా రాసినవే. అబద్ధాలని కూడా కాదు, చెరువు నిజంగానే ఎండి ఉంటుంది. సేవకు వెళ్ళినవాడు ఆ ఊరి మీద మొదటి వారంలోనే తీర్పు రాసి నలుగురికీ పంచడం సేవాధర్మానికి విరుద్ధమని నా అభియోగం. మిత్రులకు కోపం రావచ్చు. ముద్దాయిల వరుసలో మొదటివాణ్ణి నేనే గనుక కొంచెం ఓపికపట్టి వినమని ప్రార్థన.

నేను కృష్ణా డెల్టాలో పుట్టి హైదరాబాదులో పెరిగినవాణ్ణి. సీమ గురించి నాకున్న జ్ఞానమంతా సినిమాలు పెట్టిన భిక్ష. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచినప్పుడు, కరువుసీమలో వరద ఏమిటన్న ఆశ్చర్యంతోనే పాతబట్టల మూటలు లారీకెత్తుకుని వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మూటల్లో సగానికిపైగా ఎవరూ కట్టుకోలేనివి. బురద కడుక్కుంటున్న గృహస్థు ముందు మన విప్పేసిన బట్టలు గుట్టపోసి, ఆయన చేయి చాచకపోతే మనసులో నొచ్చుకున్న ఘనత మాది. పదిహేను రోజులుండి వెనక్కు వచ్చాము. అయినా ఆ నేల నన్ను వదలలేదు. 2011 జనవరిలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఆదోని ప్రాంతంలోని ఒక ఊరికి, ఏడాదిపాటు బడిపిల్లలకు చదువు చెప్పే పని మీద మళ్ళీ వెళ్ళాను. సంస్థ పేరు, ఊరి పేరు ఇక్కడ అనవసరం.

వెళ్ళిన ఎనిమిదో రోజున నేను రాసిన ఉత్తరంలో ప్రధానమైన వాక్యాలు మూడు. ఊళ్ళో మగవాళ్ళు పని లేకుండా రచ్చకట్ట మీద కూర్చుంటారన్నది ఒకటి. నీటి ఎద్దడి తీవ్రంగా ఉన్నా జనం దాన్ని విధిగా భరిస్తున్నారన్నది రెండోది. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదు, హాజరుపట్టీలో నలభై పేర్లుంటే గదిలో పదముగ్గురే ఉన్నారన్నది మూడోది. మూడూ కళ్ళారా చూసి రాసినవే. మూడూ తప్పులే.

రచ్చకట్ట సంగతి ముందు చెబుతాను. ఆ ప్రాంతంలో ఖరీఫు శనక్కాయ పెరికి, పత్తి చివరి విడత తీసి ఆదోని మార్కెట్టుకు వేసిన తర్వాత, మళ్ళీ తొలకరి దాకా వానాధారపు చేలో చేయడానికి పని ఉండదు. తుంగభద్ర దిగువ కాలువ ఆ తాలూకాల గుండానే పోతుంది గానీ, చివరి ఊళ్ళకు నీళ్ళు కాగితం మీద అందినంత సులభంగా పొలానికి అందవు. కనుక జనవరిలో ఆ ఊరికి ఉన్న పని ఒక్కటే: గుంటూరు వైపు మిరప కోతలకు పోవడం. దాన్ని అక్కడ సుగ్గికి పోవడం అంటారు. ఏ మేస్త్రీ వస్తాడు, తలకు ఎంత అడ్వాన్సు ఇస్తాడు, కిలోకు ఎంత కడతాడు, బండి ఏ రాత్రి కదులుతుంది అనే బేరాలన్నీ నడిచేది ఆ రచ్చకట్ట మీదే. నేను సోమరిపోతుల కొలువు అనుకున్నది వాళ్ళ పనుల కచేరీ. మా నగరంలో ఇదే పని చల్లగదిలో చేసే మనిషికి పెద్ద జీతమూ, తలుపు మీద పేరుపలకా ఉంటాయి.

ఇక నీళ్ళు. వేసవి ముదిరాక ఊరికి ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది. ఇంటికి ఇన్ని బిందెలని లెక్క. నేనుండే గది బయట ప్రతి ఉదయం రెండు బిందెలు నిండుగా ఉండేవి. ఎవరు పెడుతున్నారని నేను అడగలేదు, వసతిలో భాగమనుకున్నాను. ఏప్రిల్ నెలలో గానీ తెలియలేదు, అవి పక్కింటి అవ్వ తన వాటాలోంచి తీసి పెడుతున్నవని. నీటి కొరత గురించి ఊరందరి తరఫునా వ్యాసం రాసినవాడు, ఆ కొరతలో రెండు బిందెలు తానేనన్న సంగతి మూడు నెలలు తెలుసుకోలేకపోయాడు. నిందించడానికి ఇంతకన్నా తగినవాణ్ణి మీరు చూపలేరు.

మూడో తప్పు ఈ రెండింటివంటిది కాదు. దాన్ని నవ్వుకుని వదిలేయడానికి వీల్లేదు.

సుగ్గికి పోయే కుటుంబాల పిల్లలు చదువు మానకుండా ఊళ్ళోనే ఉంచడానికి ఆ కొద్ది నెలలూ నడిచే వసతిగృహం ఒకటి బడికి ఆనుకుని ఉండేది. అన్నం పెడతారు, పడుకోవడానికి చోటు ఉంది. అయినా ఆడపిల్లల్లో చాలామంది తల్లిదండ్రులతో గుంటూరు వెళ్ళిపోయారు. చదువు విలువ తెలియకపోవడం కాక మరేమిటని రాసేశాను. ఆ ఉత్తరాన్ని నగరంలో ఒక సమావేశంలో చదివారు. శ్రోతలు కదిలిపోయారు, చందాలు వచ్చాయి. ఆ డబ్బుతో సంస్థవారు తల్లిదండ్రుల్లో చైతన్యం కలిగించడానికి కళాజాత ఏర్పాటు చేశారు. డప్పులు, పాటలు, గోడల మీద నినాదాలు, చివర ఉపన్యాసం. ఫిబ్రవరి నెలలో. తల్లిదండ్రులెవరూ ఊళ్ళో లేని నెలలో. ముసలివాళ్ళు, మేమూ, కుక్కలూ కూర్చుని చదువు విలువ తెలుసుకున్నాము.

ఆ ఏడు చైత్రంలో జనం తిరిగివచ్చాక, అయిదో తరగతి పిల్ల ఒకతె తండ్రిని నిలబెట్టి అడిగాను, ఎందుకు తీసుకుపోయావని. ఆయన నాకంటే పెద్దవాడు, నన్ను "సారూ" అనేవాడు. "పిల్లని యిడిసిపెట్టి పోదామనే అనుకుంటిమి సారూ. రాత్రిపూట ఆడ ఎవరు పండుకుంటారని అడిగితిమి. వాచ్‌మను ఉండాడు అనిరి. ఆడమనిషి లేదంట. పదేండ్ల పిల్లని అట్లా యిడిసి ఎట్ల పోయేది, నువ్వే చెప్పు" అన్నాడు.

నేనేమి చెప్పను? కావలసింది ఒక ఆయమ్మ. నాలుగు నెలలకు ఒక మనిషి జీతం. కళాజాతకు అయిన ఖర్చులో అది చిల్లర. జనవరి మొదటి వారంలో, బండి కదలకముందు, నేను నోట్‌పుస్తకంలో వాక్యాలు చెక్కుకునే బదులు రచ్చకట్ట మీద ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ జవాబు అప్పుడే దొరికేది. ఆ పిల్ల మిరపకాయల ఘాటుకు మండిన అరచేతులతో తిరిగివచ్చి కొన్నాళ్ళు బడిలో కూర్చుంది. పలక పట్టుకుంటే చేతులు మంట అని చెప్పేది. మరుసటేడు జూన్‌లో హాజరుపట్టీలో ఆమె పేరు లేదు. ఆమె చదువు పోవడానికి నేనొక్కణ్ణే కారణమని అనను, అంతటివాణ్ణి కాను. కానీ సాయానికి వచ్చిన డబ్బును అక్కర ఉన్న చోటు నుంచి తప్పించి అక్కర లేని చోటికి మళ్ళించింది నా ఉత్తరమే. చక్కటి ఉత్తరం. అందరూ మెచ్చుకున్నారు.

మొదటి ముద్రలు ఎవరికీ హాని చెయ్యవు, కేవలం ఆత్మీయమైన అనుభూతులు అనే మిత్రులకు నేను చెప్పేది ఇదే. ఊరి గురించి రాసిన మాట ఊరికే ఉండదు. అది ఎక్కడో ఒక బల్ల మీదికి చేరుతుంది. ఆ బల్ల వెనుక డబ్బో అధికారమో ఉంటుంది. ఊరివాళ్ళు ఆ గదిలో ఉండరు.

దీనికి ఈ నేల మీదే పాత సాక్ష్యం ఉంది. 1876-78 నాటి మహాకరువులో మద్రాసు రాజధానిలో అన్నిటికన్నా దారుణంగా దెబ్బతిన్నవి బళ్ళారి, కడప, కర్నూలు జిల్లాలు. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ తన ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. ఆయన జిల్లాలన్నీ వేగంగా చుట్టివచ్చి, సహాయం అవసరం లేనివాళ్ళు కూడా సహాయపు పనుల్లో ఉన్నారని తేల్చాడు. ఫలితంగా మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా అని కూలి కట్టారు. ఒక పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మట్టిమోసే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. కొన్ని నెలలకు ఆ కొలతను సడలించారు. ఆలోగా జరగవలసింది జరిగింది. కరువు ముందరి 1871 జనాభా లెక్కలకు, కరువు తర్వాతి 1881 లెక్కలకు నడుమ కర్నూలు జిల్లా జనంలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు. ఆ నాలుగో వంతంతా టెంపుల్ పద్దులో వేయడం న్యాయం కాదు. వానలు, ధరలు, రోగాలు, పాలకుల విధానం అన్నీ ఉన్నాయి. కానీ ఆయన చేసిన పనిని చూడండి. గుర్రం మీదినుంచి చూసి, జనం మొహాల్లో అవసరం కొలిచి, నివేదిక రాశాడు. మన మొదటి వారపు ఉత్తరానికి ఆయన పెద్దతాత.

దేశాంతరపు ఉదాహరణ కూడా ఒకటి ఉంది. 1961లో అమెరికా తన యువకులను పీస్ కోర్ పేరిట పేద దేశాలకు సేవకు పంపడం మొదలుపెట్టింది. మొదటి జట్టు దిగింది పశ్చిమ ఆఫ్రికాలోనే. ఆ అక్టోబరులో నైజీరియాలోని ఇబదాన్‌లో శిక్షణ పొందుతున్న ఒక యువతి అక్కడి జీవితం ఎంత మురికిగా, ఎంత ఆదిమంగా ఉందో వర్ణిస్తూ స్వదేశంలోని స్నేహితుడికి కార్డు రాసింది. అది తపాలాపెట్టె చేరకముందే దారిలో పడిపోయింది. విశ్వవిద్యాలయపు విద్యార్థుల చేతికి చిక్కింది. వాళ్ళు దాని ప్రతులు తీసి పంచారు, సభలు పెట్టి ఊరేగారు. ఆ అమ్మాయి క్షమాపణ చెప్పుకుని స్వదేశానికి వెళ్ళిపోవలసి వచ్చింది. ఆమె దుర్మార్గురాలని నేననుకోను. మనందరం రాసే ఉత్తరమే రాసింది. మనకూ ఆమెకూ ఉన్న తేడా ఒక్కటే: ఆమె కార్డును ఎవరి గురించి రాసిందో వాళ్ళు చదివారు. మన ఉత్తరాలు మన ఊళ్ళవాళ్ళు చదవరన్న ధీమాతో మనం నిద్రపోతున్నాము.

ఏవగింపు రాతల మాట సరే, మెచ్చుకోలు రాతల సంగతేమిటని అడగవచ్చు. ఆ చిరునవ్వు సంగతి. నాకు ఏవగింపు కన్నా అదే ఎక్కువ అనుమానం. అతిథి ఎదురుగా నవ్వడం మర్యాద. మన ఇళ్ళలో అప్పులవాడు వీధిలో కూర్చున్నా బంధువు వస్తే నవ్వుతూ మంచినీళ్ళివ్వమా? దాన్ని దారిద్ర్యంలోని ఆనందంగా రాసుకోవడమంటే, ఆ మర్యాదను కూడా వాళ్ళ పేదరికానికి జమకట్టడమే. ఏవగించుకున్నవాడు కనీసం ఏదో మారాలంటాడు. ఈ చిరునవ్వు కవి ఏదీ మారనక్కరలేదని నిశ్చింతగా బస్సెక్కుతాడు.

"అయితే ఎవరూ రాయవద్దా? బయటి కంటికి కనబడేవి కొన్ని లోపలివాళ్ళకు అలవాటై కనబడవు కదా?" ఈ ప్రశ్నకు బలముంది, దాటవేయను. బయటివాడికి కొన్ని కనబడే మాట నిజం. వాటిని రాసిపెట్టుకోవాలి కూడా, ఎందుకంటే రెండో నెలకే ఆ చూపు మొద్దుబారుతుంది. నేను పోట్లాడేది ఆ వాక్యాల చివర పెట్టే చుక్కతో. "మగవాళ్ళు రచ్చకట్ట మీద కూర్చున్నారు, ఎందుకు?" అని రాసి ఉంటే నా నోట్‌పుస్తకం నన్ను రచ్చకట్ట దగ్గరికి పంపేది. "సోమరులు" అని రాసుకున్నాను గనుక గదిలోనే కూర్చోబెట్టింది.

బయటివాళ్ళ మీద నాకు ద్వేషమూ లేదు. 1820లో కడపకు చిన్న ఉద్యోగిగా వచ్చిన సి.పి.బ్రౌన్‌కు తెలుగు అంతంతమాత్రం. ఆయన వేమన పద్యాలు ఆంగ్లానువాదంతో అచ్చైంది 1829లో, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో. వచ్చిన తొమ్మిదేళ్ళకు మొదటి పుస్తకం, ముప్పయ్యేళ్ళు దాటాక నిఘంటువు. ఆ నడుమ పండితులను ఇంట్లో పెట్టుకుని, తనకు తెలియదని ఒప్పుకుని, అడిగి అడిగి రాయించుకున్నాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఈనాడు ఆయన పేరుతో భాషాపరిశోధన కేంద్రం ఉంది. పొరుగున అనంతపురానికి 1969లో వచ్చిన స్పెయిన్ దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ 2009లో కన్నుమూసేదాకా, నలభై ఏళ్ళు, అక్కడే ఉన్నాడు. వీళ్ళు బయటివాళ్ళే. వారంలో తేల్చేయలేదు.

ఇంకొక మాట. మనం వెళ్ళకముందు ఈ సీమలో సేవ అనేది లేదన్నట్టు రాస్తాము. 1866 కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టి నిలబెట్టాడు. విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం వచ్చింది. ఆయన రాయలేదు, వండించాడు. ఈ ప్రాంతానికి ఉన్న పేరు కూడా తనంతట తాను తెచ్చుకున్నదే. 1800లో నిజాము కంపెనీకి ధారపోసిన ఈ నేలను పైవాళ్ళు దత్తమండలాలని పిలిచారు. అంటే ఇచ్చేసినవి. 1928లో నంద్యాల సభలో ఇక్కడివాళ్ళే కూర్చుని, మాకు ఆ పేరు వద్దు, మేము రాయలసీమ అన్నారు. ఇతరులు పెట్టిన పేరు తిరగ్గొట్టిన చరిత్ర ఉన్న నేలకు మనం వెళ్ళి మళ్ళీ పేర్లు పెట్టడం ఏమి మర్యాద?

వాలంటీరు అన్న మాటకే ఇప్పుడు ఆ ఊళ్ళలో వేరే అర్థముంది. 2019 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఏభై ఇళ్ళకొకరు చొప్పున, నెలకు అయిదువేల గౌరవవేతనంతో, గ్రామ వాలంటీర్లు పనిచేశారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ కొనసాగలేదు. దాని రాజకీయపు మంచిచెడ్డల జోలికి పోను. ఒక్క సంగతి మాత్రం నాకు గుచ్చుకుంది. ఆ పిల్లలు ఆ ఊరివాళ్ళే. ఏ ఇంట్లో ముసలమ్మ మంచం దిగలేదో, ఏ ఇంటికి తాళం పడిందో, ఆ తాళం ఎప్పుడు తీస్తారో వాళ్ళకు తెలుసు. వాళ్ళెవరూ తమ మొదటి వారపు అనుభవాలను రాయలేదు. రాయడానికి వాళ్ళకు మొదటి వారమంటూ లేదు.

నేను రాసుకుంటూ ఉండడం చూసి పక్కింటి అవ్వ ఒకనాడు అడిగింది: "ఏమప్పా, వచ్చినకాడి నుంచీ ఆ బుక్కులో ఏమి రాసుకుంటుండావు?"

"ఊరి గురించి అవ్వా."

"ఊర్ని అడిగితివా?"

ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. పొలం కొలతకు వచ్చిన సర్వేయరును కూడా వాళ్ళు అట్లాగే అడుగుతారు, హద్దు రాయి ఎక్కడుందో మమ్మల్ని అడిగి రాసుకున్నావా అని. నేను అప్పుడు నవ్వి ఊరుకున్నాను. రెండు బిందెల సంగతి ఇంకా తెలియదు.

ఈ ఏడు ఉత్తరం పంపిన తమ్ముడికి నా జవాబు: నీ భాష బాగుంది. అయినా దీన్ని ఎక్కడా పెట్టకు. నీ గది బయట నీళ్ళు ఎవరు పెడుతున్నారో ముందు కనుక్కో. ఒక సుగ్గి మొత్తం అక్కడే ఉండు. బండి కదిలే రాత్రీ, తిరిగివచ్చే రోజూ రెండూ చూడు. తర్వాత రాయి. రాసినదాన్ని మొదట రచ్చకట్ట మీద పైకి చదివి వినిపించు. వాళ్ళు కొట్టివేయమన్నది కొట్టివేయి, లేదా ఎందుకు కొట్టివేయవో వాళ్ళ మొహం మీదే చెప్పు. వచ్చే సంక్రాంతికి, హాజరుపట్టీలో నుంచి ఏ పిల్ల పేరు పోయిందో, ఎందుకు పోయిందో ఆ ఉత్తరంలో ఉంటే నాకు పంపు. తప్పక చదువుతాను.